ఎపాక్సీ రెసిన్ సరిగా గట్టిపడకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లి దండలోని పూలు, అమ్మ చేతిరాత ఉన్న ఉత్తరం, పసిపాప తొలి వెంట్రుకలు. ఇలాంటివాటిని రెసిన్‌లో, అంటే పోశాక గాజులా గట్టిపడే ద్రవంలో ఉంచి దాచుకోవడం ఇప్పుడు మన చిన్న పట్టణాలకూ వచ్చింది. టేబుల్ పైపలకలు, నేమ్ బోర్డులు, గడియారాలు సరేసరి. పలక పాడైతే ఇంకో పలక కొనుక్కోవచ్చు. పెళ్లి దండ పాడైతే మళ్లీ రాదు. ఆ పని చేసేవారికీ, ఇంట్లో సొంతంగా ప్రయత్నించేవారికీ ఉపయోగపడాలని ఈ జవాబులు రాస్తున్నాను. ఇవన్నీ రెండు సీసాల్లో, అంటే రెసిన్, హార్డెనర్‌గా వచ్చే ఎపాక్సీ గురించి.

"గట్టిపడలేదు" అనే ఒక్క మాట వెనక అరడజను వేర్వేరు లోపాలు ఉంటాయి. ఏ లోపమో తేల్చుకోకుండా కంగారుగా పైన మరో పొర పోసేస్తుంటారు. బాగుపడగలిగిన ముక్క కూడా దాంతో చేయిజారిపోతుంది.

నిన్న పోశాను, ఇంకా వేలికి అంటుకుంటోంది. పాడైనట్టేనా?

అప్పుడే అలా అనుకోవద్దు. ముందు సీసా మీద రాసిన సమయం చూడండి. పలుచని పూతకు వాడే రెసిన్లు సాధారణంగా ఒక రోజులో ముట్టుకునేంత గట్టిపడతాయి. లోతుగా పోయడానికి తయారుచేసిన రకాలకు రెండు మూడు రోజులు పడుతుంది. రెండింటికీ పూర్తి బలం రావడానికి సుమారు వారం కావాలి. పైగా సీసా మీది సమయం సాధారణంగా 25 డిగ్రీల చుట్టుపక్కల లెక్కగట్టినది. మీ గది 18 డిగ్రీలుంటే ఆ లెక్క పనికిరాదు.

గడువుకు రెట్టింపు సమయం గడిచినా మెత్తగానే ఉంటే అప్పుడు పరీక్షించండి. చేతి తొడుగు వేసుకుని, కనిపించని మూలలో గోటితో నొక్కండి. అంతటా ఒకేలా మెత్తగా ఉంటే కొలతలోనో, చలిలోనో లోపం. చాలావరకు గట్టిగా ఉండి అక్కడక్కడ మాత్రమే జిగట ఉంటే సరిగా కలపలేదు. లోపల గట్టిగా ఉండి పైన మాత్రం సబ్బు రాసినట్టు జిడ్డుగా ఉంటే అది తేమ పని. కింది జవాబుల్లో చాలావరకు ఈ మూడు తేడాల మీదే నడుస్తాయి.

అసలు ఎపాక్సీ ఎలా గట్టిపడుతుంది? ఫ్యాన్ కింద పెడితే త్వరగా ఆరదా?

ఆరదు. పెయింటులోనైతే ద్రావకం గాలిలోకి పోయి పొర మిగులుతుంది. ఎపాక్సీలో గాలిలోకి పోవాల్సింది ఏమీ లేదు. రెసిన్ అణువుల కొసల్లో ఎపాక్సైడ్ అనే చిన్న వలయాలు ఉంటాయి. హార్డెనర్‌లో అమైన్లు ఉంటాయి. అమైన్ నైట్రోజన్ మీది ఒక్కో హైడ్రోజన్ ఒక్కో వలయాన్ని తెరిచి దానితో కలిసిపోతుంది. అలా ముడిపడుతూ పోయి ముక్క మొత్తం ఒకే వలగా మారితే అదే గట్టిపడటం.

ఈ లెక్కలో జతలు సరిపోవాలి. రెసిన్ మిగిలిపోయినా, హార్డెనర్ మిగిలిపోయినా ఆ మిగిలింది వలలో చేరకుండా లోపలే తిరుగుతూ ఉంటుంది. మీ వేలికి తగిలే జిగట అదే. ఫ్యాను దానిని ఏమీ చేయలేదు, దుమ్ము మాత్రం తెచ్చి అంటిస్తుంది.

హార్డెనర్ కాస్త ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందని షాపులో చెప్పారు. నిజమేనా?

ఎపాక్సీ విషయంలో ఇది పూర్తిగా తప్పు. ఈ సలహా వల్ల పాడైన ముక్కలు చాలా ఉన్నాయి, అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఈ మాట పుట్టింది ఫైబర్‌గ్లాస్ పనిలో. అక్కడ వాడే పాలియెస్టర్ రెసిన్‌కు కొద్ది చుక్కల పెరాక్సైడ్ వేస్తారు. అది పాలకు తోడు లాంటిది. కాస్త ఎక్కువైతే త్వరగా, తక్కువైతే ఆలస్యంగా తోడుకుంటుంది. ఎపాక్సీ హార్డెనర్ అలా కాదు, అది గట్టిపడిన ముక్కలో శాశ్వతంగా భాగమైపోతుంది. సీసా మీద 2:1 అని ఉంటే 2:1 మాత్రమే. త్వరగా కావాలంటే త్వరగా పనిచేసే హార్డెనర్ కొనాలి, లేదా గది వేడి పెంచాలి.

2:1 నిష్పత్తిలో త్రాసు మీద తూచి మరీ కలిపాను. అయినా మెత్తగా ఎందుకు ఉంది?

చాలావరకు కారణం మీ త్రాసు కాదు. ఆ 2:1 ఘనపరిమాణానిదా, బరువుదా అన్నది చూడకపోవడం. నాకు వచ్చే ప్రశ్నల్లో అత్యంత తరచుగా కనిపించే పొరపాటు ఇదే, చూసేవారికి అత్యంత అన్యాయంగా అనిపించేదీ ఇదే, ఎందుకంటే మనిషి శ్రద్ధగానే తూచి ఉంటారు.

రెసిన్ హార్డెనర్ కంటే బరువైనది. రెసిన్ మిల్లీలీటరుకు సుమారు 1.15 గ్రాములు, హార్డెనర్ సుమారు 0.97 గ్రాములు ఉందనుకుందాం. 100 మిల్లీలీటర్ల రెసిన్ 115 గ్రాములు, 50 మిల్లీలీటర్ల హార్డెనర్ 48 గ్రాములకు కొంచెం ఎక్కువ. అంటే ఘనపరిమాణంలో 2:1 అయినది బరువులో 100 గ్రాములకు 42 గ్రాములు. మీరు 100కు 50 తూచి వేశారంటే హార్డెనర్ దాదాపు 19 శాతం ఎక్కువ పడింది. ముక్క రబ్బరులా ఉండిపోవడానికి అది చాలు.

బజారులో దొరికే అరాల్డైట్ మంచి ఉదాహరణ. ఆ బ్రాండు ఏడబ్ల్యూ 106 రెసిన్‌ను హెచ్‌వీ 953యూ హార్డెనర్‌తో ఘనపరిమాణంలో సమానంగా కలుపుతారు. అదే బరువులో అయితే 100కు 80. ఒకే జంటకు రెండు లెక్కలు, రెండూ సరైనవే. ఇక మన ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో కనిపించే ఎల్‌వై 556, హెచ్‌వై 951 జంటకు బరువులో 100కు 10 చుట్టుపక్కల. ఒక రెసిన్ లెక్క ఇంకో రెసిన్‌కు పనికిరాదు. ఒక కంపెనీ హార్డెనర్‌ను ఇంకో కంపెనీ రెసిన్‌తో కలపకూడదనేదీ ఇందుకే.

సీసా మీద స్పష్టంగా లేకపోతే కంపెనీ సాంకేతిక పత్రం తెప్పించుకోండి. అదీ దొరకకపోతే కొలత గీతలున్న గ్లాసుతో ఘనపరిమాణంలోనే కొలవండి. ఇళ్లకు అమ్మే సీసాల మీద 1:1, 2:1, 3:1 అని ఉంటే ఎక్కువగా అది ఘనపరిమాణమే. కానీ ఊహ మీద ఖరీదైన పని పెట్టుకోవద్దు, ముందు చిన్న ముక్క పోసి చూడండి.

చెవి కమ్మలు, కీచైన్ల కోసం కొద్దిగానే కలుపుతాను. అవే ఎక్కువగా పాడవుతున్నాయి.

కొద్దిగా కలిపినప్పుడు చిన్న తేడా కూడా పెద్ద శాతం అవుతుంది. వంటింటి త్రాసు ఒక్కో గ్రాము చొప్పునే చూపిస్తుంది. 10:1 రకంలో 30 గ్రాముల రెసిన్‌కు కావలసింది 3 గ్రాముల హార్డెనర్. తెర మీద 3 అని కనిపించినా గిన్నెలో రెండున్నర ఉండవచ్చు, మూడున్నరకు దగ్గరగానూ ఉండవచ్చు. అంటే ఆరో వంతు తేడా. బంగారం తూచే తరహా చిన్న డిజిటల్ త్రాసు, గ్రాములో పదో వంతు లేదా వందో వంతు చూపించేది, కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది. చిన్న వస్తువులు చేసేవారికి వేడి గాలి ఊదే హీట్ గన్ కంటే ముందు కొనాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

ముక్క బాగానే ఉంది, కానీ రెండు మూడు చోట్ల మాత్రం తడిగా ఉంది.

ఆ చోట్ల పడినది కలవని రెసిన్. కలిపేటప్పుడు గిన్నె గోడలకూ అడుగుకూ ఒక పొర అంటుకుని ఉంటుంది. పుల్ల మధ్యలో తిరుగుతుంది, అంచులకు చేరదు. చివరలో ఒక్క చుక్క కూడా వృథా కాకూడదని గిన్నెను గీకి పోస్తారు. ఆ గీకినదే తడి మచ్చగా మిగులుతుంది.

మూడు నుంచి ఐదు నిమిషాలు, గోడలు, అడుగు, పుల్ల మీద అంటినది అన్నీ గీకుతూ నిదానంగా కలపండి. కలిపినదంతా శుభ్రమైన రెండో గిన్నెలోకి మార్చి, కొత్త పుల్లతో మరో నిమిషం కలపండి. మొదటి గిన్నెను గీకవద్దు, అందులో మిగిలింది మిగలనివ్వండి. ఈ రెండు గిన్నెల పద్ధతి ఒక్కటి అలవాటైతే తడి మచ్చలు దాదాపు కనుమరుగవుతాయి. మైనం పూసిన కాగితపు కప్పులు వాడకండి, ఆ మైనం రెసిన్‌లోకి వస్తుంది. బుడగలు పోవాలని పైన స్పిరిట్ చల్లడం కూడా కొన్నిచోట్ల చూస్తాను, అదీ జిగట మచ్చలు మిగులుస్తుంది.

గిన్నెలో మిగిలింది రాయిలా అయింది. పలక మీద పోసింది మాత్రం మెత్తగా ఉంది. ఒకే మిశ్రమం కదా?

ఒకే మిశ్రమమే, వేడి వేరు. గట్టిపడే చర్యలో వేడి పుడుతుంది. గిన్నెలో రెసిన్ ముద్దగా ఉంటుంది కాబట్టి ఆ వేడి బయటికి పోలేక చర్యను ఇంకా తొందరపెడుతుంది. పలక మీద రెండు మిల్లీమీటర్ల పొర అయితే పుట్టిన వేడి పుట్టినట్టే పోతుంది. లోతుగా పోయడానికి చేసిన రెసిన్లు కావాలనే నిదానంగా పనిచేస్తాయి, వాటికి ఆ ముద్ద వేడి అవసరం. వాటిని పలుచని పూతగా వాడితే, ముఖ్యంగా చలికాలంలో, రోజుల తరబడి మెత్తగా ఉంటాయి.

దీనికి ఎదురు ప్రమాదమూ ఉంది. పూత రకం రెసిన్‌ను లోతైన అచ్చులో ఒక్కసారే పోస్తే లోపల వేడెక్కి పసుపెక్కుతుంది, పగుళ్లిస్తుంది, పొగ కూడా వస్తుంది. గిన్నె పొగలు కక్కడం మొదలైతే దానిని చేత్తో పట్టుకోకుండా ఆరుబయట మంటకు దూరంగా పెట్టండి. ఆ పొగ పీల్చకండి.

చలికాలంలోనూ, ఏసీ గదిలోనూ ఇబ్బంది ఎందుకు?

పది డిగ్రీలు తగ్గితే చర్య వేగం సుమారు సగానికి పడిపోతుంది. 30 డిగ్రీల దగ్గర ఒక రోజు పట్టేది 20 దగ్గర రెండు రోజులు. ఆదిలాబాద్ చలిలోనూ, లంబసింగి, అరకు వైపునా జనవరి రాత్రుల్లో అయితే చర్య దాదాపు ఆగిపోతుంది. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్నా రాత్రంతా ఏసీ నడిచే గదిలో ఇదే సమస్య. చల్లని రెసిన్ చిక్కగా కూడా ఉంటుంది, అందువల్ల సరిగా కలవదు, బుడగలు పోవు. ఒక తప్పు మీద ఇంకో తప్పు.

పోసే ముందు సీసాలను మూత బిగించి, గోరువెచ్చని నీళ్లున్న గిన్నెలో పదిహేను నిమిషాలు నిలబెట్టండి. నీటి చుక్క కూడా లోపలికి పోకూడదు. గదిని, అచ్చును, పలకను కూడా 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంచండి. నేల మీది గచ్చు చల్లగా ఉంటుంది కాబట్టి పనిని టేబుల్ మీద పెట్టండి. సీసాలు వేడెక్కినప్పుడు చేతిలో ఉండే సమయం తగ్గిపోతుందన్నది గుర్తుంచుకుని తక్కువ తక్కువగా కలపండి. ఎండలో పెట్టడం నేను సిఫారసు చేయను. అతినీలలోహిత కిరణాలు రెసిన్‌ను పసుపెక్కిస్తాయి. చెక్క వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తే బుడగలు పైకి తన్నుకొస్తాయి.

వర్షాకాలంలో పైన తెల్లటి, జిడ్డు పొర వస్తోంది. లోపల గట్టిగానే ఉంది.

ఇది గట్టిపడకపోవడం కాదు. హార్డెనర్‌లోని అమైన్ గాలిలోని తేమతోనూ, బొగ్గుపులుసు వాయువుతోనూ కలిసి కార్బమేట్ అనే మైనం లాంటి పొరగా మారుతుంది. కోస్తా జిల్లాల్లో, ముసురు పట్టిన రోజుల్లో ఇది మామూలే.

ఆ పొర నీటిలో కరుగుతుంది. గోరువెచ్చని నీళ్లు, నైలాన్ స్క్రబ్బర్‌తో కడిగి, శుభ్రమైన గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. కడగకుండా ఉప్పు కాగితంతో రుద్దితే ఆ జిడ్డును లోపలికి రుద్దినట్టే, పై పూత పట్టదు. థిన్నర్‌తో తుడిచినా ఆ పొర సరిగా పోదు. కడిగి ఆరిన తరువాతే రుద్దండి. ముసురు రోజుల్లో పోయక తప్పకపోతే కిటికీలు మూసి, ఏసీని కాసేపు నడిపి తేమ తగ్గించి, ఆ తరువాత ఉష్ణోగ్రత పెంచి పని చేయండి. హార్డెనర్ సీసా మూతను పోసిన వెంటనే బిగించడం కూడా ముఖ్యం. తెరిచి వదిలేస్తే సీసాలోనే తేమ పీల్చుకుంటుంది.

పెళ్లి దండ పూల చుట్టూ మాత్రమే మెత్తగా ఉంది, పూలు గోధుమ రంగుకు తిరిగాయి.

పూలలో తడి మిగిలి ఉంది. రేకులు పైకి పెళపెళలాడినా చామంతి, బంతి పూల అడుగున ఉండే ఆకుపచ్చ గిన్నెలోనూ, గులాబీ మొగ్గ మధ్యలోనూ తడి దాగి ఉంటుంది. ఆ తడి చుట్టూ ఉన్న రెసిన్‌ను చెడగొడుతుంది, పువ్వు లోపలే మగ్గిపోతుంది. ఇలా అయిన ముక్కను బాగుచేసే దారి నాకు కనిపించలేదు. అందుకే జాగ్రత్త అంతా ముందే.

పూలను విడదీసి తేమ పీల్చే సిలికా జెల్ గింజల్లో పూర్తిగా కప్పి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. పలుచని రేకులకు వారం సరిపోవచ్చు, మందమైన పూలకు ఇంకా ఎక్కువ. రోజూ ఒక పువ్వును తూచి చూడండి, బరువు తగ్గడం ఆగిపోయిందంటే ఆరింది. దండలోని దారం, జరీ, పూసల మధ్య కూడా తడి ఉంటుంది, వాటిని విడిగా ఆరబెట్టండి. మల్లెలు ఎంత బాగా ఆరబెట్టినా తెల్లగా ఉండవు. ఈ సంగతి దండ ఇచ్చినవారికి ముందే చెప్పడం న్యాయం.

రంగు వేసినప్పుడే సమస్య వస్తోంది.

రంగు ఎక్కువై ఉంటుంది, లేదా నీళ్ల రంగు అయి ఉంటుంది. రెసిన్ కోసం తయారైన పేస్టు, పొడి రంగులు వాడండి. మొత్తం బరువులో 5 శాతం దాటకుండా చూసుకోండి. ముదురు రంగు కావాలంటే ఎక్కువ వేయడం కాదు, గాఢమైన పేస్టు కొనాలి. పలచన కావాలని థిన్నర్ కలపవద్దు. అది లోపల చిక్కుకుని ముక్కను మెత్తబరుస్తుంది, తరువాత నెమ్మదిగా బయటికి పోతూ ముక్కను కుంచింపజేస్తుంది.

రెసిన్ సీసాలో తెల్లగా గడ్డకట్టింది. పారేయాలా?

వద్దు. చల్లదనానికి రెసిన్ స్ఫటికాలు కడుతుంది, తేనె పేరుకున్నట్టే. సుమారు 50 డిగ్రీల నీళ్లలో సీసాను ఉంచి, మధ్యమధ్య కదుపుతూ ఒక్క రేణువు కూడా లేకుండా కరిగించండి. చల్లారాక మామూలుగా వాడవచ్చు. కరగని రేణువులతో వాడితే కొలత తప్పుతుంది. హార్డెనర్ కాస్త పసుపెక్కినా ఎక్కువగా పనిచేస్తుంది, రంగు మాత్రం ముక్కలోకి వస్తుంది. అందులో తెల్లటి పొరలు తేలుతుంటే మాత్రం ముఖ్యమైన పనికి వాడవద్దు.

నా దగ్గరున్నది అసలు ఎపాక్సీనా కాదా ఎలా తెలుస్తుంది?

మూత తీయగానే ముక్కు అదిరే తియ్యటి ఘాటు వాసన వచ్చి, పక్కన చిన్న సీసాలో కొద్దిపాటి క్యాటలిస్టు (పైన చెప్పిన పెరాక్సైడ్) ఇస్తే అది పాలియెస్టర్. గాలి తగిలే పైభాగం జిగటగా మిగలడం దాని సహజ గుణం, ఎపాక్సీ చిట్కాలు దానికి పనిచేయవు. దానితో పాటు ఊదారంగు కోబాల్ట్ ద్రవం విడిగా ఇస్తే ఎప్పుడూ క్యాటలిస్టుతో నేరుగా కలపవద్దు, పేలుతుంది. ముందు ఒకటి రెసిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది వేయాలి. ఒకే సీసాలో వచ్చి అతినీలలోహిత (యూవీ) దీపం కింద గట్టిపడేది యూవీ రెసిన్. ముదురు రంగులు వెలుగును లోపలికి పోనివ్వవు కాబట్టి అది అడుగున మెత్తగా మిగులుతుంది. పలుచని పొరలుగా పోస్తే సరిపోతుంది.

సరే, మెత్తగా ఉన్న ముక్కను ఇప్పుడు ఏం చేయాలి?

కారణం చలి అయితే వేడి చాలు. 35 నుంచి 40 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచండి. మే నెలలో అయితే మూసిన గదే ఆ పని చేస్తుంది. ఒక రోజుకు తేడా కనిపిస్తే ఇంకా ఆగండి. ఏ మార్పూ లేకపోతే కొలత తప్పింది, ఎంత వేడి పెట్టినా ప్రయోజనం లేదు. పైన హార్డెనర్ పూయడమూ వృథా, చిక్కబడిన ముద్దలోకి అది దిగదు.

అక్కడక్కడ తడి ఉంటే ప్లాస్టిక్ రేకుతో ఆ మచ్చలను పూర్తిగా గీకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి, దగ్గర మంట ఉండకూడదు. ఆవిరి పోయాక, చుట్టూ గట్టిగా ఉన్న భాగాన్ని 220 నంబరు ఉప్పు కాగితంతో గరుకు చేసి, సరిగా కలిపిన కొత్త పొర పోయండి. పైభాగమంతా కాస్త బంకగా ఉండి, నొక్కితే చేతికి ఏమీ అంటకపోతే రుద్దకుండానే పై పొర పోయవచ్చు.

అంతటా ద్రవంగానో బంకమట్టిలానో ఉంటే పైన పోయకండి. పై పొర అందంగా గట్టిపడుతుంది, కానీ కింద తడి అలాగే ఉంటుంది. కొన్నాళ్లకు పక్కల నుంచి కారుతుంది, లేదా పై పొర లేచిపోతుంది. మొత్తం తీసేయాల్సిందే. చెక్క మీద రబ్బరులా పట్టుకున్నదాన్ని హీట్ గన్‌తో కొద్దిగా వెచ్చజేసి, కిటికీలు తెరిచి, ఉలితోనో గీకుడు పలకతోనో ఊడదీయవచ్చు. సిలికాన్ అచ్చులో ఇరుక్కున్నదాన్ని కాసేపు చల్లబరిస్తే బిగుసుకుని తేలికగా వస్తుంది. తిండి పెట్టే ఫ్రిజ్‌లో మాత్రం పెట్టవద్దు.

బాగానే గట్టిపడిన టేబుల్ మీద వేడి టీ కప్పు పెడితే గుండ్రని మచ్చ పడింది.

ఎపాక్సీ తాను గట్టిపడిన ఉష్ణోగ్రత కంటే కొంచెం పైకి పోగానే మెత్తబడటం మొదలుపెడుతుంది. గది వేడిలో తయారైన అలంకరణ రెసిన్లు చాలావరకు 50 డిగ్రీల చుట్టూ మెత్తబడతాయి. వేసవిలో మూసిన కారులో డాష్‌బోర్డు మీద పెట్టిన బొమ్మ వంగిపోవడమూ ఇందుకే. కంపెనీ చెప్పిన పద్ధతిలో, మెల్లగా డిగ్రీలు పెంచుతూ కొన్ని గంటలు వేడి చేస్తే మిగిలిన చర్య పూర్తయి ఈ హద్దు కొంత పెరుగుతుంది. అయినా టీ టేబుళ్లకు ఎక్కువ వేడి తట్టే రకం కొనడమే మంచిది, కప్పు కింద పళ్లెం కూడా పెట్టండి.

సగం గట్టిపడిన రెసిన్‌ను ముట్టుకుంటే ప్రమాదమా?

జాగ్రత్త పడాల్సిందే. చర్య పూర్తికాని హార్డెనర్, రెసిన్ చర్మానికి తగిలి ఎలర్జీ తెస్తాయి. ఒకసారి ఎలర్జీ మొదలైతే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, ఆ తరువాత కొద్దిగా తగిలినా దద్దుర్లు వస్తాయి. ఈ పనిని వృత్తిగా చేసుకున్నవారు దీనివల్ల పని మానుకోవాల్సి వస్తుంది. నైట్రైల్ తొడుగులు వేసుకోండి. చర్మానికి అంటితే సబ్బు, నీళ్లతో కడగండి, థిన్నర్‌తో తుడిస్తే రసాయనాన్ని చర్మంలోకి పంపినట్టే. మెత్తని ముక్కను రుద్దితే వచ్చే పొడి మరీ చెడ్డది, మాస్కు లేకుండా ఆ పని వద్దు. రెసిన్ సరిగా గట్టిపడని గ్లాసులు, పళ్లేలు తిండికి వాడకండి, పిల్లలకు ఇవ్వకండి.

మిగిలిపోయిన ద్రవాన్ని సింకులోనో కాలువలోనో పోయవద్దు. రెసిన్‌నూ హార్డెనర్‌నూ సరైన కొలతలో కొద్దికొద్దిగా కలిపి, పలుచగా పరిచి, గట్టిపడిన తరువాత చెత్తలో వేయండి. కొలత తప్పి ఎప్పటికీ గట్టిపడని ముద్దను ఇసుకలో కలిపి, మూత బిగించిన డబ్బాలో పెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి విడిగా ఇవ్వండి.